రెండు బిర్సా ముండా స్టేడియములు

రూర్కేలాకు మన సంస్థ నుండి వెళ్ళేవారు సాధారణంగా ఉక్కు కర్మాగారం చూడటానికి వెళ్తారు. బ్లాస్ట్ ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు తిరిగి చూసి, తీరిక దొరికితే వేదవ్యాస్ వద్ద కోయెల్, శంఖ నదులు కలిసి బ్రాహ్మణిగా మారే చోటికి పోయి, కాళ్ళు తడుపుకొని వస్తారు. మేము ముగ్గురము వెళ్ళింది మాత్రం ఒక ఆటస్థలం చూడటానికి.

మన టౌన్‌షిప్ మైదానాన్ని గురించి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఉదయం ఆరు కాకముందే పిల్లలు పరుగుకు వస్తారు. సాయంత్రం ఒక మూల ఫుట్‌బాల్, ఒక మూల హాకీ, నడుమ క్రికెట్. ఒకరి బంతి మరొకరి ఆటలోకి దొర్లుకుంటూ పోవటం నిత్యకృత్యం. మూడు వైపులా మట్టిగట్టు, నాలుగో వైపు రేకుల పందిరి కింద ఆరు వరుసల సిమెంటు మెట్లు. వాన పడితే పడమటి గోలు ముందు మూడు రోజులు నీరు నిలుస్తుంది. ఈ మైదానం స్థానంలో ఎనిమిది వేలమంది కూర్చునే మెట్లతో, పైకప్పుతో, నాలుగు మూలలా ఫ్లడ్‌లైట్ టవర్లతో స్టేడియం నిర్మించాలనే ప్రతిపాదన వచ్చింది. దానిపై అభిప్రాయం తెలుపవలసిందిగా సివిల్ నుండి మమ్మల్ని, ఫైనాన్స్ నుండి ఒకరిని, క్రీడా విభాగం నుండి ఒకరిని నియమించారు. రాంచీలో ఎలాగూ మరొక సమావేశం ఉన్నందున, దారిలోనే ఉన్న రూర్కేలాలో రెండు రోజులు దిగి, ఆ పిమ్మట రాంచీ స్టేడియం కూడా చూసి రావటానికి అనుమతి లభించింది.

ఉత్తరాంధ్ర వారికి బొకారో ఎక్స్‌ప్రెస్ పాత నేస్తం. విజయనగరం, పార్వతీపురం దాటి రాయగడ కొండల్లోకి ప్రవేశించేసరికి కిటికీ లోనుంచి వచ్చే గాలి మారుతుంది. తితిలాగఢ్, బలాంగీర్, సంబల్‌పూర్ నిద్రలోనే గడిచిపోయాయి. తెల్లవారక ముందే రూర్కేలాలో దిగితే, దూరాన ఆకాశం కొలిమి కాంతితో ఎర్రగా ఉన్నది. స్వతంత్ర భారతంలో ప్రభుత్వ రంగాన వెలసిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం అది. పశ్చిమ జర్మనీ సహకారంతో నిర్మించిన దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ కొలిమి పేరు పార్వతి.

స్టేషనుకు మా కోసం వచ్చిన పెద్దమనిషి శ్రీకాకుళం జిల్లావారు. ఆ కర్మాగారంలో పనిచేసి, పదవీ విరమణ తరువాత అక్కడే స్థిరపడినారు. యాభై ఏళ్ళు ఒడిశాలో ఉన్నా ఆయన తెలుగులో ఇచ్ఛాపురం యాస చెక్కు చెదరలేదు. "స్టేడియం చూడడానికొచ్చారా బాబూ? అయితే రెండు చూడాలి. ఒకటి గవర్నమెంటు కట్టింది. రెండోది నేను చూపిస్తాను," అన్నారు. ఆ రెండోది ఏమిటో ఆయన అప్పుడు చెప్పలేదు.

మొదటిది బిజూ పట్నాయక్ సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్నది. బిర్సా ముండా అంతర్జాతీయ హాకీ స్టేడియం. 2021 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగి, 2023 జనవరి 5న ప్రారంభమైనది. మొత్తం 20,011 ఆసనాలు; హాకీకి సంబంధించినంతవరకు అందరూ కూర్చుని చూడగలిగే స్టేడియంలలో ఇదే ప్రపంచంలో పెద్దదని గిన్నిస్ వారు ధ్రువీకరించారు. సెయిల్ సంస్థ దీనికి సుమారు 3,600 టన్నుల టి.ఎం.టి. కడ్డీలు సరఫరా చేసింది. కాంక్రీటు పనుల నడుమ ముప్పది ఏళ్ళు గడిపిన మాకు ఇంత తక్కువ వ్యవధిలో ఇంత పని జరగటం ఎంత కష్టమో తెలుసు. మెట్ల వాలు నిటారుగా ఉండి, చిట్టచివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా బంతి కనబడే విధంగా కట్టారు. కట్టిన ఇంజనీర్లకు నమస్కారం పెట్టవలసిందే. మా ప్రశ్న వారి పనితనాన్ని గురించి కాదు.

ఖర్చు సంగతికి వస్తే, 2023 ప్రపంచకప్ ఏర్పాట్లన్నింటికీ కలిపి మొదట సుమారు 432 కోట్ల రూపాయలు అనుకున్నది, 2022లో ఒడిశా మంత్రివర్గం ఆమోదించేనాటికి 1,098 కోట్లు దాటింది. అందులో పెద్ద భాగం రూర్కేలాకే. ఎస్టిమేట్లు పెరగటం మన వృత్తిలో కొత్త కాదు గనుక మేము ముగ్గురము ఒకరి ముఖం ఒకరు చూసుకొని ఊరుకున్నాము. ప్రపంచకప్పులో ఇక్కడ జరిగిన మ్యాచ్‌లు 20. ఆ తరువాత 2023, 2024 సంవత్సరాలలో ప్రొ లీగ్ పోటీలు, 2024 డిసెంబరు నుండి 2025 ఫిబ్రవరి 1 వరకు పునరుద్ధరించిన హాకీ ఇండియా లీగ్ జరిగాయి. ఆ లీగ్ ఫైనల్లో మన హైదరాబాద్ తూఫాన్స్ జట్టు బెంగాల్ జట్టు చేతిలో 3–4 గోల్స్ తేడాతో ఓడింది కూడా ఈ మైదానంలోనే. అన్నీ కలుపుకొన్నా ఆ ఇరవై వేల కుర్చీలకు పని దొరికిన దినాలు బహు కొద్ది.

ఫైనాన్స్ మిత్రుడు ఖాళీ మెట్ల మీద కూర్చొని, "సార్, మిగతా రోజుల్లో ఈ కుర్చీల మీద ఎవరు కూర్చుంటారండీ?" అని అడిగారు.

క్రీడా విభాగపు మిత్రునికి ఆ మాట రుచించలేదు. ఆయన స్వయంగా హాకీ ఆడినవారు. 2023 జనవరి 13న ఇక్కడ భారత్, స్పెయిన్ తలపడినప్పుడు పన్నెండో నిమిషంలో తొలి గోలు కొట్టినది అమిత్ రోహిదాస్. ఈ సుందర్‌గఢ్ జిల్లా పల్లెటూరి బిడ్డ, తన జిల్లా జనం ఎదుట, ప్రపంచకప్పులో భారతదేశానికి తొలి గోలు సాధించాడు. భారత్ 2–0తో గెలిచింది. "ఆ రాత్రి మెట్ల మీద కూర్చున్న పదేళ్ళ పిల్లవాడి ఛాతీ ఎంత ఉబ్బి ఉంటుందో మీ లెడ్జర్లో ఏ కాలమ్‌లో రాస్తారండీ?" అని ఆయన ప్రశ్న. ఆ టోర్నమెంటులో మన జట్టు చివరకు తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకున్న మాట నిజమే కాని, ఆయన ప్రశ్నకు అది సమాధానం కాదు. ఫైనాన్స్ మిత్రుడు కూడా జవాబు చెప్పలేదు. ప్రపంచకప్ పేరు మీదనే 2023 జనవరి 7న రూర్కేలా నుండి భువనేశ్వర్‌కు విమాన సర్వీసు మొదలైన సంగతిని కూడా ఆయన తన ఖాతాలో జమ వేసుకున్నారు.

మేము ఇంజనీరు కళ్ళతో చూశాము. మాకు ఒక స్టేడియంలో రెండు కర్మాగారాలు కనిపించాయి. ఒకటి మెట్లు, పైకప్పు, వి.ఐ.పి. గదులు, టి.వి. కెమెరాల వేదికలు. ఇది సంవత్సరానికి పది పదిహేను రోజులు నడిచే కర్మాగారం. రెండవది నట్టనడుమ ఉన్న నీలి పచ్చిక, దాని పక్క ప్రాక్టీసు మైదానం, దుస్తులు మార్చుకొనే గదులు, దీపాలు, నీటి పంపులు. ఇది తలచుకుంటే మూడు వందల రోజులు, రెండు షిఫ్టులు నడవగలదు. ఎస్టిమేటులో సింహభాగం మొదటిదానికి పోతుంది. ఆటగాడు తయారయ్యేది రెండవదానిలో. మన ప్లాంటులో ఏ యూనిట్‌కైనా ముందు కెపాసిటీ యుటిలైజేషన్ ఎంత అని అడుగుతాము గదా! స్టేడియం విషయంలో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎన్ని ఆసనాలు అని మాత్రం అడుగుతారు.

రెండవ కర్మాగారం కూడా చవకగా నడిచేది కాదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ కృత్రిమ మైదానం మీదికి ఎక్కినప్పటి నుండి మన పల్లెల నేలకూ, అంతర్జాతీయ ఆటకూ నడుమ అగాధం ఏర్పడింది. ఆ మైదానానికి తడి కావాలి. ఆటస్థలం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. చుట్టూ వదలవలసిన చోటు కలుపుకుంటే సుమారు 6,400 చదరపు మీటర్లు. మూడు మిల్లీమీటర్ల మందాన తడపాలన్నా 19 వేల లీటర్లు. మ్యాచ్‌కు ముందు ఒకసారి, విరామంలో మరొకసారి అంటే 38 వేలు. తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున అయిదుగురున్న కుటుంబాలకు లెక్క కడితే, మన టౌన్‌షిప్‌లో యాభై అయిదు క్వార్టర్లకు పైగా ఒక దినం సరిపోయే నీరు అది. పైగా ఆ పచ్చిక ఎనిమిది పదేళ్ళకు అరిగిపోతుంది, కొత్తది వేయాలి. దీపాలు, పంపులు, కాపలా వేరు. కాంక్రీటు కట్టడానికి సాలుకు నూటికి రెండు రూపాయలు మరమ్మతుకని పక్కన పెట్టినా, వంద కోట్ల కట్టడం ముప్పది ఏళ్ళలో మరి అరవై కోట్లు తింటుంది. ఈ అరవై కోట్లకు శంకుస్థాపన శిలాఫలకం ఉండదు. ఏ సంవత్సరం బడ్జెట్ బిగించవలసి వచ్చినా ముందు కత్తెర పడేది దీని మీదనే అని ఫైనాన్స్ మిత్రుడే ఒప్పుకున్నారు.

మరునాడు ఉదయం శ్రీకాకుళం పెద్దమనిషి జీపులో మమ్మల్ని ఎక్కించుకొని రెండవ స్టేడియానికి బయలుదేరదీశారు. పట్టణం దాటి గంటన్నర ప్రయాణం. కోతలు పూర్తయిన వరి మళ్ళు, సాల వృక్షాలు, ఎర్రమట్టి బాట. ఒక పల్లె చివర ఎర్రని నేల. సున్నంతో గీసిన గీతలు. వెదురు బొంగులతో గోలు స్తంభాలు. చుట్టూ రెండు మూడు వేలమంది జనం, నేల మీద, గట్ల మీద, చెట్ల కొమ్మల మీద. ఒక పక్క పకోడీలు, బొరుగులు అమ్ముతున్నారు. వేదిక పక్కన వేపచెట్టుకు కట్టేసి ఉన్నది, నల్లగా నిగనిగలాడుతూ, మెడలో బంతిపూల దండతో ఒక మేకపోతు.

"అదే కప్పు బాబూ," అన్నారు మా మార్గదర్శి.

సుందర్‌గఢ్‌లోను, పొరుగున ఉన్న సిమ్‌డేగాలోను దీనిని ఖస్సీ టోర్నమెంటు అంటారు. కోతలయ్యాక ఊరూరా జరుగుతుంది. గెలిచిన జట్టుకు మేకపోతు, ఓడిన జట్టుకు అంతకంటె చిన్నది. ఆ సాయంత్రమే వండుకొని ఊరంతా తింటారు. కొందరు ఆటగాళ్ళకు బూట్లు ఉన్నాయి, కొందరికి లేవు. ఒక కుర్రవాడు ఎడమ వైపు నుండి బంతిని తీసుకుపోతూ, ఎగుడుదిగుడు నేల మీద అది ఎటు ఎగురుతుందో ముందే తెలిసినవాడివలె కర్రను అర క్షణం ముందు తిప్పి ఆపిన తీరు చూసి, మన క్రీడా మిత్రుడు కూర్చున్నవారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగటం మేము చూడనట్లే నటించాము. ఫైనల్ తరువాత గెలిచిన జట్టు కెప్టెన్ మేకను భుజాల మీద ఎత్తుకొని మైదానం చుట్టూ తిరిగాడు. ఆ మేక మాత్రం ఏమీ సంతోషించినట్లు కనిపించలేదు.

ఇది వేడుక మాత్రమే అనుకుంటే పొరబాటు. మూడు ఒలింపిక్స్‌లో ఆడి, భారత జట్టుకు నాయకత్వం వహించి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడైన దిలీప్ తిర్కీ ఈ జిల్లా సౌనామరా గ్రామస్థుడు. 1975 ప్రపంచకప్ గెలిచిన జట్టులోని మైకేల్ కిండో రూర్కేలా ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేశారు. 1985లో పాన్‌పోష్‌లో ప్రభుత్వం క్రీడా హాస్టల్ పెట్టింది. 1992లో సెయిల్ వారు ఇక్కడ హాకీ అకాడమీ ప్రారంభించారు. అంటే మేక మైదానం నుండి హాస్టల్‌కు, హాస్టల్ నుండి జాతీయ జట్టుకు నిచ్చెన ఎన్నో ఏళ్ళుగా ఉన్నది. ఇరవై వేల కుర్చీల స్టేడియం ఆ నిచ్చెనకు పైమెట్టు. ఒడిశా ప్రభుత్వం జిల్లాలోని 17 బ్లాకుల్లోను ఒక్కొక్క కృత్రిమ హాకీ మైదానం వేయటానికి పూనుకోవటం మా దృష్టిలో ఆ పెద్ద కట్టడం కంటె మిన్న అయిన పని. దానికి గిన్నిస్ పత్రం రాదు.

ఆ ప్రాంతంలో మరొక లెక్క కూడా ఉన్నది. ఉక్కు కర్మాగారానికి, దాని టౌన్‌షిప్‌కు భూములు ఇచ్చి కదిలిపోయినవారిలో అధికులు ఆదివాసులు. వారి వీరుడు బిర్సా ముండా పేరు స్టేడియానికి పెట్టారు. పేరుతో పాటు మైదానం కూడా వారి పిల్లలకు దక్కితే ఆ ఖర్చును దుబారా అనటానికి మాకు నోరు రాదు.

రూర్కేలా నుండి రాంచీకి రైలు సాల అడవుల గుండా బానో మీదుగా పోతుంది. బానో ఉన్నది సిమ్‌డేగా జిల్లాలో. మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన సిల్వానుస్ డుంగ్‌డుంగ్ ఈ జిల్లావారే. 2024లో భారత మహిళా జట్టు నాయకురాలైన సలీమా టేటే కూడా ఇక్కడి పిల్లే. ఆపైన ఖూంటీ జిల్లా. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో మన తొలి ఒలింపిక్ హాకీ జట్టుకు కెప్టెనైన జైపాల్ సింగ్ ముండా పుట్టిన గడ్డ, బిర్సా పుట్టిన ఉలిహాతు ఉన్న గడ్డ.

రాంచీ శివారున హోట్వార్‌లో ఖేల్‌గావ్ అనే క్రీడా సముదాయం ఉన్నది. అక్కడి అథ్లెటిక్స్ స్టేడియం పేరు కూడా బిర్సా ముండాదే. 34వ జాతీయ క్రీడలు 2007లో జరగవలసి, పలుమార్లు వాయిదా పడి, 2011 ఫిబ్రవరిలో ఇక్కడ జరిగాయి. అథ్లెటిక్స్, ఈత, సైక్లింగ్, షూటింగ్, ఇండోర్ ఆటలు, ప్రతి ఒక్కదానికీ వేరు వేరు కట్టడం. ఆ క్రీడల ఖర్చులపై వచ్చిన ఆరోపణల మీద 2022 ఏప్రిల్‌లో జార్ఖండ్ హైకోర్టు సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది. పండుగ ముగిశాక ఇన్ని భవనాలను ఏమి చేయాలో తెలియని స్థితి వచ్చింది. 2015లో మనవంటి ప్రభుత్వ రంగ సంస్థే అయిన సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్, రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, ఈ సముదాయంలో పల్లె పిల్లలకు వసతి, చదువు, శిక్షణ కలిపి ఇచ్చే అకాడమీకి పూనుకున్నది. ఖాళీ కట్టడానికి పిల్లలను తెచ్చి పెట్టటం ఎంత తెలివైన మరమ్మతో!

అదే క్రీడల కోసం రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో లాన్ బౌల్స్ మైదానం కూడా వేశారు. లాన్ బౌల్స్ అంటే ఏమిటో మాలో ఇద్దరికి తెలియదు. బరువైన బంతిని గడ్డి మీద నెమ్మదిగా దొర్లించి గురి బంతికి దగ్గరగా నిలిపే ఆట. ఎవరు ఆడతారని అప్పట్లో నవ్వినవారు ఉండే ఉంటారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో మహిళల ఫోర్స్ స్వర్ణం గెలిచిన భారత జట్టులో లవ్లీ చౌబే, రూపా రాణి తిర్కీ ఇద్దరూ రాంచీ ఆడవాళ్ళు. ఒకరు పోలీసు కానిస్టేబులు, మరొకరు జిల్లా క్రీడాధికారి. మెట్లు లెక్కపెట్టనక్కరలేని చిన్న గడ్డి మైదానం అది.

ఆ రాత్రి రాంచీ అతిథిగృహంలో మా ముగ్గురికీ గట్టి వాదమే జరిగింది. ఫైనాన్స్ మిత్రుడు ఢిల్లీ ఉదాహరణ తెచ్చారు. 1982 ఆసియా క్రీడలకు కట్టిన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియాన్ని 2010 కామన్‌వెల్త్ క్రీడలకోసం సుమారు 960 కోట్లతో పునర్నిర్మించారు. 2025 నవంబరులో దానిని పడగొట్టి 102 ఎకరాలలో స్పోర్ట్స్ సిటీ కట్టే ప్రతిపాదన వెలుగులోకి వచ్చింది. పదిహేనేళ్ళు! మన రేకుల షెడ్డు కూడా అంతకంటె ఎక్కువ కాలం నిలిచింది. మన హైదరాబాదు సంగతీ వచ్చింది. గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో–ఆసియా క్రీడలకు కట్టినవాటిలో ఇండోర్ స్టేడియం 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్‌కు వేదికైనది. బహుళ అంతస్తుల క్రీడా భవనం 2020లో కోవిడ్ ఆసుపత్రిగా మారింది. వాటి ఛాయలోనే 2008లో పుల్లెల గోపీచంద్ ప్రారంభించిన అకాడమీలో మెట్లు లేవు, కోర్టులు మాత్రమే ఉన్నాయి. ఒలింపిక్ పతకాలు ఆ కోర్టుల నుండి వచ్చాయి.

క్రీడా మిత్రుడు వెనక్కు తగ్గలేదు. "పెద్ద మెట్లు లేకపోతే మన ఊరికి పెద్ద మ్యాచ్ ఎప్పటికీ రాదండీ. పిల్లలు పెద్ద ఆటను టి.వి.లోనే చూస్తూ ఉండిపోవాలా?" అన్నారు. ఆ మాటలో సత్యం ఉన్నదని మేమూ ఒప్పుకున్నాము. కాని రూర్కేలాలో వెయ్యి మేక మైదానాల మీద ఒక పెద్ద స్టేడియం నిలిచింది. మనకున్నది ఒక్క మైదానం. దానిని మెట్లకోసం మూడేళ్ళు మూసివేస్తే ఉదయం పరుగెత్తే పిల్లలు ఎక్కడికి పోతారు?

చివరకు మేము సమర్పించిన అభిప్రాయ పత్రం ఇది. ముందుగా పడమటి వైపు మురుగుకాలువ, నేల చదును, గడ్డి. మైదానాన్ని రెండు భాగాలుగా విడదీసి పని చేయాలి, ఒక భాగం ఎప్పుడూ ఆటకు తెరచి ఉంచాలి. తడపటానికి టౌన్‌షిప్ మురుగు శుద్ధి కేంద్రం నీరే వాడాలి. ప్రాక్టీసుకు సరిపోయే దీపాలు. ఆడపిల్లలకు దుస్తులు మార్చుకొనే గది, మరుగుదొడ్లు. ఇవి లేకనే పన్నెండేళ్ళు దాటిన అమ్మాయిలు ఆట మానుతున్నారని కోచ్ చెప్పారు. మెట్లు ఎనిమిది వేలకు బదులు పదిహేను వందలు, పునాదులు మాత్రం తరువాత పెంచుకోవటానికి వీలుగా. మిగిలిన సొమ్ములో కొంత మరమ్మతుల నిధిగా జమ చేసి, అది జమ అయిన పిమ్మటనే టెండరు పిలవాలి. ఈ చివరి షరతు ఫైనాన్స్ మిత్రుడు రాసినది. క్రీడా మిత్రుడు అన్నింటికీ సంతకం చేసి, మెట్ల సంఖ్య విషయంలో మాత్రం తన భిన్నాభిప్రాయాన్ని వేరే కాగితం మీద రాసి జతపరచారు. దానిని తొలగించమని మేము ఆయనను అడగలేదు. పత్రం రెండు కాగితాలతోనూ పై అధికారుల పరిశీలనలో ఉన్నది. పడమటి గోలు ముందు కాలువ పని మాత్రం, దానికి ప్రత్యేక మంజూరు అక్కరలేదు గనుక, వానలకు ముందే మొదలుపెట్టించాము.